కనికట్టు, కహానత్: గారడీ ప్రదర్శనలో టారో కార్డులు

బీరంగూడ నుంచి ఒక యువ సోదరుడు రాసిన ఉత్తరం మూడు నెలలుగా నా బల్ల మీద ఉంది. ప్రశ్న చూడడానికి చిన్నదే. కాని జవాబు రాయబోయినప్పుడల్లా అది ఒకటి కాదు, రెండు ప్రశ్నలని తేలుతూ వచ్చింది.

ఆ సోదరుడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేస్తాడు. సెలవు రోజుల్లో పుట్టినరోజు వేడుకల్లోనూ, పాఠశాల వార్షికోత్సవాల్లోనూ గారడీ ప్రదర్శిస్తాడు. తెగిన తాడు అతుక్కోవడం, రుమాలు మాయం కావడం, పేకముక్కను కనిపెట్టడం వంటివి. గత ఏడాది టారో కార్డుల కట్ట ఒకటి కొన్నాడు. అపార్ట్‌మెంటు సంఘాలవారూ, కంపెనీలవారూ ఇప్పుడు అవే అడుగుతున్నారట. అవి ఉంటే ఇచ్చే డబ్బు కూడా దాదాపు రెట్టింపు. ప్రేక్షకుల్లో ఒకరిని పిలిచి ఒక కార్డు తీయమంటాడు. వారు తమ ఇష్టప్రకారమే తీశామనుకుంటారు కాని, ఏ కార్డు తీయాలో అతను ముందే నిర్ణయించి ఉంచుతాడు. ఆ తరువాత బొమ్మ చూసి వారి గురించి నాలుగు మాటలు చెబుతాడు. అందరూ చప్పట్లు కొడతారు.

ఒక రోజు తన బస్తీలోనే జరిగిన ఒక దావత్‌లో ప్రదర్శన ఇచ్చాడు. జనం వెళ్ళిపోయాక ఒక పెద్దావిడ ఆగింది. అతను ఖాలా అని పిలిచే పొరుగింటి మనిషి. ఆమె భర్త పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. రావలసిన బకాయిలు, పి.ఎఫ్. డబ్బు రాలేదు. “బేటా, ఆ పైసల సంగతి కూడా ఒక్కసారి చూసి చెప్పు” అంది. అతను మొహమాటపడ్డాడు. తనది వట్టి గారడీ అని అంతమంది ముందు చెప్పలేదు, ఇప్పుడు ఆమె ఒక్కదానికీ చెప్పలేకపోయాడు. ‘అదృష్ట చక్రం’ బొమ్మ ఉన్న కార్డు ఆమె చేత తీయించి, మంచి రోజులు దగ్గరలోనే ఉన్నాయన్నాడు. ఆ మాట నమ్మి ఆమె రెండు నెలలు పి.ఎఫ్. ఆఫీసు మెట్లెక్కలేదు. డబ్బు తానుగా వస్తుందని కూర్చుంది.

ఇక అతని ప్రశ్న: “నేను జోస్యం చెప్పడం లేదు, చెప్పినట్లు నటిస్తున్నాను. నటనకు కూడా పాపం ఉంటుందా?”

నేను ముఫ్తీని కాను. గ్రంథాలను ఒక భాషలోంచి మరొక భాషలోకి తెచ్చేవాణ్ణి. ఫత్వా కావలసినవారు దారుల్ ఇఫ్తాకు వెళ్ళాలి. అయితే ఈ ప్రశ్నలో ఉన్న చిక్కులో సగం మాటల చిక్కు. దాన్ని విప్పే ప్రయత్నం మాత్రం నేను చేయగలను.

ఉర్దూలో ‘జాదూ’ అన్న ఒక్క మాటతో చేతబడినీ పిలుస్తాం, వేదిక మీద కోటు వేసుకున్నాయన చేసే మ్యాజిక్కునూ పిలుస్తాం. అరబీలో ఈ పనులకు వేరువేరు పేర్లున్నాయి. కళ్ళను మోసగించే చేతివాటం షఅవజా. దీన్నే మనవాళ్ళు షోబ్దాబాజీ అంటారు. అగోచర విషయాలు తెలుసునని చెప్పుకోవడం కహానత్. ఆ పని చేసేవాడు కాహిన్. పోయిన వస్తువు ఎక్కడుందో చెబుతానని బయలుదేరేవాడు అర్రాఫ్. తెలుగు ఈ విషయంలో ఉర్దూ కంటే నయం. గారడీ వేరు, చేతబడి వేరు, సోది వేరు, జోస్యం వేరు. అన్నిటికంటే మించి ‘కనికట్టు’ అనే మాట ఉంది. కళ్ళను కట్టివేయడం అన్నమాట. దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా 116వ ఆయతును తెలుగులోకి తేవలసి వచ్చినప్పుడు నాకు మొదట తట్టినది ఈ మాటే. ఫిరౌన్ మాంత్రికులు తమ సామగ్రిని విసిరినప్పుడు వారు మాయ చేసింది జనం కళ్ళనని అక్కడ చెప్పబడింది. తాహా సూరా 66వ ఆయతులో కూడా ఆ తాళ్ళు, కర్రలు పరుగెత్తుతున్నట్లు మూసా (అలైహిస్సలాం)కు తోచాయన్న భావమే ఉంది. తాళ్ళు పాములు కాలేదు. తాళ్ళుగానే ఉండి పాముల్లా కనిపించాయి.

పూర్వ వ్యాఖ్యాతలు ఇక్కడ ఎంత నిశితంగా ఆలోచించారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హిజ్రీ 370లో మరణించిన హనఫీ పండితుడు అబూబక్ర్ అల్ జస్సాస్ తన ‘అహ్కాముల్ ఖుర్ఆన్’లో ఆ కర్రలు బోలువని, లోపల పాదరసం నింపారని, వేడి తగలగానే అవి కదిలాయని వచ్చిన వివరణను పేర్కొన్నారు. హిజ్రీ 606లో మరణించిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ సిహ్ర్ అన్న పేరుతో పిలవబడే వాటిని ఎనిమిది రకాలుగా విభజించారు. అందులో ఒకటి ఈ కనికట్టు. నేర్పరి అయిన గారడీవాడు చూపరుల దృష్టిని ఒక పని మీద నిలిపి, ఆ మరుపులో మరొక పనిని చకచకా చేసేస్తాడని ఆయన వివరించారు. నేడు మ్యాజిక్ నేర్పే గురువులు మొదటి రోజున చెప్పే పాఠం ఇదే కదా! 13వ శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన అల్ జౌబరీ అయితే దొంగ ఫకీర్ల, దొంగ వైద్యుల, దొంగ జోస్యుల గుట్టు విప్పడానికి ఒక పూర్తి గ్రంథమే రాశారు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా చైనాలోని ఖన్సా నగరంలో ఒక గారడీ చూశాడు. ఒక కుర్రవాడు తాడు పట్టుకుని పైకెక్కి కనిపించకుండా పోయాడు. వాడి అవయవాలు తెగి కింద పడ్డాయి. తరువాత మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఇబ్న్ బతూతాకు గుండెదడ వచ్చి మందు తాగవలసి వచ్చింది. పక్కనే కూర్చున్న ఖాజీగారు మాత్రం ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు, నరకడమూ లేదు, ఇదంతా షఅవజా అని ఊరడించారు. నాకు ఆ ఖాజీగారంటే చాలా గౌరవం.

మరి ఈ కనికట్టు ధర్మసమ్మతమేనా? దాచకుండా చెప్పాలంటే, మన దక్కన్ మదరసాల్లో పాఠ్యగ్రంథమైన ‘దుర్రె ముఖ్తార్’ నేర్వరాని విద్యల జాబితాలో షఅబ్‌జాను కూడా చేర్చింది. నేటి పండితుల్లో చాలామంది ఆ అభిప్రాయం మీదే ఉన్నారు. మరికొందరు మాత్రం అది కేవలం చేతివాటమని చూసేవారికి తెలిసి ఉండి, అందులో మోసం, మంత్రతంత్రాల పేరు, జూదం లేనప్పుడు వినోదంగా అనుమతించారు. నేను ఈ వివాదంలోకి ఇంతకు మించి వెళ్ళను. ఎందుకంటే మన సోదరుని టారో కార్డులు అనుమతించినవారి షరతుల్లో కూడా ఇమడవు. అది ఎందుకో చూద్దాం.

ముందు ఈ కార్డుల పుట్టుక సంగతి. వీటిని ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని ప్రచారం చేస్తారు. నిజం వేరు. టారో కట్టలో 78 కార్డులుంటాయి. అందులో 56 మామూలు పేకముక్కల వంటివి, 22 బొమ్మల కార్డులు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇవి ఆట కోసం తయారయ్యాయి. ఆ 56 కార్డుల్లోని నాలుగు రంగులు పాత్రలు, నాణేలు, ఖడ్గాలు, కర్రలు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవనంలో ఈజిప్టు మమ్లూక్ సుల్తానుల నాటి పేకముక్కల కట్ట ఒకటి ఉంది. అందులోనూ రంగులు పాత్రలు, నాణేలు, ఖడ్గాలు, పోలో కర్రలే. పోలో ఆట ఎరుగని యూరపువారు ఆ కర్రలను వట్టి దుడ్డుకర్రలుగా మార్చారు. మమ్లూక్ కార్డుల్లో ఒకదాని పేరు ‘నాయిబ్’. నేటికీ స్పెయిన్‌లో పేకముక్కలను ‘నైపెస్’ అనడానికి ఆ మాటే మూలమని పండితులంటారు. అంటే ఈజిప్టుతో టారోకు సంబంధం ఉన్న మాట కొంత నిజమే. అయితే అది పూజారుల జ్ఞానం కాదు, ముస్లిం సిపాయిల కాలక్షేపం!

ఇటలీలో పుట్టిన ఈ ఆటను యూరపువారు మూడు వందల ఏళ్ళకు పైగా ప్రధానంగా ఆటగానే ఆడుకున్నారు. 1781లో పారిస్‌లో కూర్ ద జెబెలాఁ అనే రచయిత ఈ బొమ్మల్లో ఈజిప్టు రహస్య జ్ఞానం దాగి ఉందని రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు ప్రపంచంలో ఒక్కడూ లేడు. షాంపోలియోఁ దాన్ని ఛేదించినది 1822లో. చదవలేని లిపి కాబట్టే ఏ అర్థమైనా అంటగట్టడానికి వీలయింది. 1785లో ఎతెయ్యా అనే పారిస్ జోస్యుడు ఈ కార్డులతో జోస్యం చెప్పే పద్ధతిని పుస్తకంగా వేశాడు. నేడు బజారులో ఎక్కువగా దొరికే బొమ్మలు 1909లో లండన్‌లో వెలువడిన కట్టను అనుసరించినవి.

ఇది ఎవరో పడమటివారి గోల అని మనం చేతులు దులుపుకోవడానికి లేదు. ఉర్దూ జంత్రీల్లో ఫాల్ చూసే గళ్ళు అచ్చవుతూ వచ్చాయి. దీవానె హాఫిజ్ తెరిచి శకునం చూసే అలవాటు చదువుకున్న ఇళ్ళలోనే ఉండేది. ఫాల్‌నామా అనే పెద్ద బొమ్మల గ్రంథాలు ఇరాన్ సఫవీ దర్బారులో తయారయ్యాయి. వాటి రచనను హజ్రత్ ఇమామ్ జాఫర్ సాదిఖ్ (రహ్మతుల్లాహి అలైహి)కు అంటగట్టారు. కళ్ళు మూసుకుని పుట తెరిస్తే ఒకవైపు బొమ్మ, ఎదురుగా జోస్యం. అటువంటి గ్రంథం ఒకటి 17వ శతాబ్దం తొలి దశకాల్లో మన గోల్కొండలోనే చిత్రించబడిందని కళా చరిత్రకారుల అభిప్రాయం. అది ఇప్పుడు లండన్‌లోని ఖలీలీ సేకరణలో ఉంది. రంగుల సొగసు చూస్తే కళ్ళు చెదురుతాయి. అయినా చేసిన పని మాత్రం రోడ్డు పక్కన చిలక చేత కార్డు తీయించేవాని పనే. టారో, చిలక జోస్యం, ఫాల్‌నామా మూడింటిలోనూ జరిగేది ఒకటే. యాదృచ్ఛికంగా వచ్చిన ఒక బొమ్మను అల్లాహ్ తరఫు నుంచి వచ్చిన వార్తగా చదవడం.

అజ్ఞాన కాలపు అరబ్బులు ఈ పనిని బాణాలతో చేసేవారు. ప్రయాణం చేయాలా వద్దా, పెళ్ళి చేయాలా వద్దా అని బాణం తీసి చూసుకునేవారు. ఆ బాణాలే అజ్లామ్. అల్ మాయిదా సూరా 3వ, 90వ ఆయతుల్లో ఇవి నిషేధించబడ్డాయి. 90వ ఆయతులో మద్యం, జూదం, విగ్రహపీఠాల సరసన వీటిని లెక్కించడం గమనించదగినది. బాణం చెక్కముక్కే, కార్డు అట్టముక్కే. చెక్కకు పాపం లేదు, దాన్ని నోరున్న దానిగా భావించి అడగడంలో ఉంది పాపం. అగోచరం అల్లాహ్‌కు తప్ప భూమ్యాకాశాల్లో ఎవరికీ తెలియదని అన్నమ్ల్ సూరా 65వ ఆయతు స్పష్టం చేస్తోంది. ఇది మన అఖీదాకు పునాది. జోస్యుని వద్దకు వెళ్ళి అడిగినవాని నమాజు 40 రాత్రుల వరకు స్వీకరించబడదని సహీహ్ ముస్లింలో ఉంది. అతని నమాజు బాధ్యత తీరుతుంది గాని పుణ్యం దక్కదని ఇమామ్ నవవీ దీనికి వివరణ ఇచ్చారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మన సోదరుడు జోస్యుడు కాడు. కార్డుకు ఏ శక్తీ లేదని అతనికి బాగా తెలుసు. మరి నటనకు పాపమేమిటి?

సహీహ్ బుఖారీలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్ద ఒక సేవకుడుండేవాడు. ఒక రోజు అతను తెచ్చిన ఆహారాన్ని ఆయన తిన్నారు. అదెక్కడిదో తెలుసా అని సేవకుడే అడిగాడు. అజ్ఞాన కాలంలో తానొకనికి జోస్యం చెప్పానని, నిజానికి తనకు ఆ విద్య బాగా రాదని, అతణ్ణి మోసగించానని, అతడే ఇప్పుడు ఎదురై ఆ ప్రతిఫలం ఇచ్చాడని చెప్పాడు. హజ్రత్ అబూబక్ర్ (రజి) నోట్లో చేయి పెట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కివేశారు.

ఈ హదీసును మనం సాధారణంగా హలాల్ సంపాదన గురించి ప్రసంగాల్లో వింటాం. అయితే ఆ సేవకుని మాటను మరొకసారి చూడండి. తాను నిజమైన కాహిన్‌ను కానని, నటించానని అతను ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఆ సొమ్మును శుద్ధి చేయలేదు. నిజానికి తప్పు ఒకటి కాస్తా రెండయింది. కహానత్ రూపం, దాని లోపల మోసం. బీరంగూడ సోదరుని ప్రశ్నకు ఇంత దగ్గరగా వచ్చే ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

తాడు అతికించినప్పుడు కూడా మోసమే కదా అని అతను అడగవచ్చు. కాదు. అక్కడ చూసేవానికీ చేసేవానికీ మధ్య మాటల్లేని ఒక ఒప్పందం ఉంది. తాడు నిజంగా అతుక్కోలేదని పదేళ్ళ పిల్లవానికి కూడా తెలుసు. ఎలా చేశాడా అని ఆలోచిస్తూ ఇంటికి వెళతాడు. ఇంటికి వెళ్ళి తెగిన తాళ్ళు ఊది అతికించడానికి ప్రయత్నించడు. టారో ప్రదర్శనలో ఆ ఒప్పందం లేదు. సభలో సగం మందికి అది గారడీ, తక్కిన సగానికి జోస్యం. పైగా ఎవరు ఏ సగంలో ఉన్నారో వేదిక మీదివానికి తెలియదు.

“గారడీయే అని ముందే ప్రకటిస్తే?” అన్నది మరొక ప్రశ్న. ప్రకటించకపోవడం కంటే ప్రకటించడం మేలే. కాని అది చాలదని చెప్పడానికి ఆధారం ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు విశ్వవిద్యాలయ తరగతుల్లో ఒక గారడీవానిని ప్రవేశపెట్టి చూశారు. వారి ఫలితాలు 1980లో ప్రచురితమయ్యాయి. కొన్ని తరగతుల్లో అతనికి అతీత శక్తులున్నాయన్నారు, మరికొన్నింటిలో అతను గారడీవాడని చెప్పారు. గారడీవాడని విన్న తరగతుల్లో సైతం సగం కంటే ఎక్కువమంది అతనికి అతీత శక్తి ఉన్నదనే రాశారు. వీరంతా విశ్వవిద్యాలయం విద్యార్థులు! మూతపడిన ఫ్యాక్టరీ ముందు కూర్చున్న కుటుంబం సంగతి వేరే చెప్పాలా?

ఆ నాలుగు మాటలు అంత బాగా ఎందుకు అతుకుతాయన్నది కూడా రహస్యమేమీ కాదు. 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావాన్ని వారికి విడిగా రాసి ఇచ్చినట్లు కాగితాలు పంచాడు. ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వేయమంటే సగటున 4కు పైగా వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో చాలా వాక్యాలు దుకాణంలో అమ్మే జ్యోతిష పుస్తకంలోంచి ఏరినవి. మీరు పైకి ధైర్యంగా కనిపించినా లోలోపల దిగులు పడతారు, మీ మంచితనాన్ని కొందరు గుర్తించలేదు వంటి మాటలు ఎవరికి అతకవు? కష్టంలో ఉన్నవారికి మరీ అతుకుతాయి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితంలోని ఒక ఘట్టాన్ని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హిజ్రీ 10లో ఆయన పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకోసాగారు. ఆయన నోరు మెదపకుండా ఉంటే చాలు, అది ఆయన మహిమల్లో ఒకటిగా లెక్కకు వచ్చేది. పుత్రశోకంలో ఉన్న తండ్రి మౌనాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అయినా ఆయన నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలని, ఎవరి చావు పుట్టుకలకూ వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు విశదపరిచారు. తనకు అనుకూలంగా ఉన్న భ్రమను సైతం ఒక్క పూట నిలవనీయలేదు. టారో గారడీ మాత్రం అటువంటి భ్రమ నిలిచి ఉంటేనే రక్తి కడుతుంది. గారడీవాడు అబద్ధం చెప్పకపోవచ్చు. అతని మౌనమే అతని సరుకు.

ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. బీరంగూడ 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. 1980లలో ఆ జిల్లా పేరు చెబితే బాణామతి గుర్తుకు వచ్చేది. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, చంపారు. ఆ నమ్మకాన్ని పెంచినవారు చూపించే ‘మహిమలు’ ఏమిటి? నిమ్మకాయ కోస్తే రక్తం, అగ్గిపుల్ల లేకుండా మంట. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందని మన ఇళ్ళలో ఆడవారందరికీ తెలుసు. అదే పని చీకటి గదిలో చేస్తే రక్తమవుతుంది. మన ఆమిల్ సాహెబుల్లో కొందరు కూడా ఇవే గారడీలతో తావీజులు అమ్ముకుంటారని ఒప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఈ నేల మీద వినోదంగా చూపిన జోస్యం వినోదంగానే ఆగదు.

అదే గారడీని ఆ నమ్మకాలను విరగ్గొట్టడానికి వాడినవారూ ఉన్నారు. 2025లో మరణించిన డాక్టర్ బి.వి.పట్టాభిరామ్ తెలుగునాట మ్యాజిక్‌ను చూపిస్తూనే, అది శాస్త్రం, సాధన తప్ప మంత్రం కాదని చెబుతూ వచ్చారు. అబ్రహాం కోవూర్, బి.ప్రేమానంద్ వంటి హేతువాదులు దొంగ బాబాల విద్యలను వేదికల మీద చేసి చూపి, వెంటనే గుట్టు విప్పేవారు. వారి నాస్తికత్వంతో మనకు పొత్తు లేదు. కాని నిమ్మకాయ విషయంలో వారు చెప్పింది నిజం. నిజం ఎవరు చెప్పినా నిజమే. ఆ మాటకొస్తే వారికంటే ఏడు వందల ఏళ్ళ ముందు అల్ జౌబరీ చేసిన పని అదే.

కనుక ఆ సోదరునికి నేను రాయబోయే జవాబు ఇది. తాడు, రుమాలు సంగతి నీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తేల్చుకో. టారో కార్డులతో జోస్యం నటించడం మాత్రం మానుకో, రెట్టింపు డబ్బు పోయినా సరే. ఆ కట్టను తప్పనిసరిగా ఉపయోగించాలనుకుంటే ఒకే దారి కనిపిస్తోంది. కార్డు తీయించు, నాలుగు మాటలు చెప్పు, వాళ్ళు ఆశ్చర్యపోయిన మరుక్షణమే, అదే వేదిక మీద, ఏ కార్డు వస్తుందో నీకు ముందే ఎలా తెలుసో చూపించు. అందరికీ అవే నాలుగు మాటలు చెబుతానని ఒప్పుకో. ఇలా చేస్తే రెండోసారి ఆ కంపెనీవారు పిలవకపోవచ్చు. ఆ నష్టం నాకు తెలుసు. దాన్ని చిన్నదని నేను అనను.

ఇక ఖాలా విషయం. అల్ బఖరా సూరా 160వ ఆయతులో తౌబా స్వీకరించబడేవారి గురించి మూడు మాటలున్నాయి. పశ్చాత్తాపపడడం, చక్కదిద్దుకోవడం, దాచినదాన్ని బయటపెట్టడం. అది సత్యాన్ని దాచినవారిని ఉద్దేశించి అవతరించిన ఆయతు. మనసులో తౌబా చేసుకుని ఆమెకు సలాం చెప్పి తప్పుకుంటే మొదటిదే అవుతుంది. కార్డుల కట్ట పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళు. ‘అదృష్ట చక్రం’ ఆమె చేతికి ఎలా వచ్చిందో నెమ్మదిగా, ఆమెకు అర్థమయ్యేదాకా చేసి చూపించు. ఆమె తిట్టవచ్చు, పడు. ఆ తరువాత వారం నీ సెలవు రోజును పనిరోజున పెట్టించుకుని, ఆమె భర్త ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఫ్యాక్టరీవారు ఇచ్చిన పాత జీతం చీటీలు, పి.ఎఫ్. ఖాతా నంబరు తీసుకుని, వారిద్దరినీ వెంటబెట్టుకుని పి.ఎఫ్. ఆఫీసుకు వెళ్ళు. పొద్దున్నే వెళితే వరుస తక్కువగా ఉంటుంది.